ఖేల్ ఎక్కడ ఆగింది, జువా ఎక్కడ మొదలైంది? మా పాలమూరు గల్లీల్లో వీడియో గేమ్ తారీఖ్



2024లో ఐపీఎల్ నడుస్తున్న దినాలు. ఇషా నమాజ్ చదివి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నానో లేదో, నాగర్‌కర్నూల్ నుంచి ఆపా ఫోన్. సలామ్ కూడా సరిగా చెప్పలేదు. "చోటూ, ఎక్ బార్ ఆకే జా రే. ఇనే ఖేల్రా సో ఖేల్ నైఁ హై" అన్నది. ఒకసారి వచ్చిపో, వీడు ఆడుతున్నది ఆట కాదు అని.

"వీడు" అంటే నా భాంజా. డిగ్రీ చదువుతున్న పిల్లగాడు. తెల్లారి ఫజర్ తర్వాత వనపర్తిలో బస్సెక్కాను. దారి పొడుగునా ఆపా మాటే చెవుల్లో తిరిగింది. ముప్పై ఏళ్లుగా మా ఖాందాన్‌లో పెద్దలు వీడియో గేమ్‌ను తిడుతూనే ఉన్నారు. షైతానీ డబ్బా అన్నారు, వక్త్ బర్బాద్ అన్నారు, కండ్లు పోతాయన్నారు. "ఇది ఆట కాదు" అని గుర్తుపట్టింది మాత్రం మా ఆపా ఒక్కతే. ఎందుకంటే పెద్దల్లో స్క్రీన్ వైపు చూసింది ఆమె ఒక్కతే. ఈ తారీఖ్ రాయాలని ఆ దినమే అనుకున్నాను.

సూట్‌కేసులో వచ్చిన డబ్బా

మా నానిహాల్ గద్వాల. కోటకు కొంచెం దూరంలో నానా ఇల్లు. వేసవి సెలవులన్నీ అక్కడే. 1994 వేసవిలో మామూ జిద్దా నుంచి చుట్టీ మీద వచ్చాడు. అత్తర్లు, జానిమాజ్, ఖజూర్ తీసినాక, సూట్‌కేస్ అడుగున బనియన్లలో చుట్టిన ఒక డబ్బా బయటికొచ్చింది. మామూ దాన్ని "అటారీ" అన్నాడు. టీవీకి తగిలించి ఆడే ఏ డబ్బానైనా అరబ్బులు ఆ పేరుతోనే పిలుస్తారు.

నిజానికి అది అటారీ కాదు. అమెరికాలో అటారీ కంపెనీ 1972లో పుట్టింది. అదే ఏడాది వాళ్ల 'పాంగ్' ఆట వచ్చింది. రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క, అంతే. పదకొండేళ్లకు, 1983లో, అమెరికాలో ఆ వ్యాపారం కుప్పకూలింది. అదే ఏడాది జులైలో జపాన్‌లో నింటెండో కంపెనీ 'ఫామికామ్' అనే డబ్బాను దుకాణాల్లో పెట్టింది. తర్వాత తైవాన్, హాంకాంగ్ వైపు దాన్ని చూసి నకిలీలు తయారు చేశారు. గల్ఫ్ బజార్లలో అమ్మింది, మామూ కొన్నది ఆ నకిలీలనే. మన దేశంలో కూడా మీడియా, సమురాయ్, లిటిల్ మాస్టర్ అనే పేర్లతో అదే జాతి డబ్బాలు దొరికేవి. మేం దాన్ని 'టీవీ గేమ్' అనేవాళ్లం. లోపల దూర్చే పసుపు రంగు చిప్పను 'క్యాసెట్' అనేవాళ్లం. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. లోపలికి పోతే అవే పదో పదిహేనో తిప్పి తిప్పి వచ్చేవి. మారియో, కాంట్రా, ట్యాంక్, బాతుల్ని కాల్చేది. ఆడకపోతే క్యాసెట్ బయటికి తీసి నోటితో ఊదేవాళ్లం.

నానీ ఇంటి పక్కన మగ్గాల ఇల్లు. అక్కడ గద్వాల చీర అంచుకు డిజైన్ గీసే పెద్దమనిషి గళ్ల కాగితం ముందేసుకుని కూర్చునేవాడు. ఒక్కో గడిలో రంగు నింపితే, కొంచెం దూరం నుంచి చూసేసరికి అది నెమలి అయ్యేది. ఒక సాయంత్రం ఆయన మా కిటికీ దగ్గరికి వచ్చి టీవీలో మారియోను చూశాడు. "ఇది కూడా గళ్ల మీదనే గీసిండ్రు గదా" అన్నాడు. అక్షరాలా నిజం. ఆ జమానాలో ఆట బొమ్మలన్నీ గళ్ల కాగితం లెక్కనే గీసేవాళ్లు. ఒక పనివాడు ఇంకో పనివాడి పనిని ఒక్క చూపులో పట్టుకున్నాడు.

నానా మాత్రం చూడలేదు. ఆయన చూపు గోడ గడియారం మీద. "అసర్ హోగయీ, బంద్ కరో" అనేవాడు. అమ్మీ చూపు కరెంటు మీటర్ మీద. ఇంట్లోనే ఉన్న డబ్బా కాబట్టి ఆపాకు ఆడే మౌకా దొరికింది. మా అందరికంటే బాగా ఆడేది. కాంట్రాలో నేను మూడో గేటుకు చచ్చేవాణ్ణి, ఆమె చివరిదాకా పోయేది. సెలవులు అయిపోయి వనపర్తి తిరిగొచ్చాక ఆమె ఆట బంద్. ఎందుకంటే అక్కడ ఆట దుకాణంలో ఉండేది. ఆడపిల్లలు దుకాణానికి పోయే సవాలే లేదు.

బస్టాండ్ వెనక దుకాణం

వనపర్తి బస్టాండ్ వెనక గల్లీలో రేకుల రూమ్. తలుపుకు ఎప్పుడూ పరదా. నాలుగు టీవీలు, నాలుగు డబ్బాలు. పది నిమిషాలకు రూపాయి. ఐదారేళ్ల తర్వాత ప్లేస్టేషన్ వచ్చింది, టెక్కెన్ వచ్చింది, రేటు పెరిగింది.

మగ్రిబ్ తర్వాత మస్జిద్ నుంచి అబ్బా నేరుగా అక్కడికే వచ్చేవాడు. పరదా ఎత్తి చెవి పట్టుకుని బయటికి లాగేవాడు. అబ్బా లోపలికి అడుగుపెట్టిన యాది నాకు లేదు. పరదా దగ్గరే ఆగేవాడు. లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు.

లోపల జరిగేది ఇది. పెద్ద పోరగాళ్లు టెక్కెన్ ఆడేటప్పుడు షర్త్ కట్టేవాళ్లు. ఓడినోడు ఇద్దరి పైసలూ కట్టాలి. కొన్నిసార్లు పైన సోడా కూడా. మాకది మామూలు ముచ్చట. దుకాణందారుకు కూడా ఏ తక్లీఫ్ లేదు, ఎవడు కట్టినా పైసలు ఆయన గల్లాలోకే. చాలా ఏళ్లకు, ఒక మౌలానా దగ్గర ఫిఖ్‌హ్ సబక్ వింటుంటే నాకు చెమటలు పట్టాయి. ఇద్దరూ పైసలు ఒడ్డి, ఒకడి లాభం ఇంకొకడి నష్టం అయ్యేటట్టు ఆడితే, దానికి ఖిమార్ అని పేరు. మా అబ్బా తిట్టిన టీవీ కాదు, ఆయన కంట పడని ఆ షర్తే హరామ్.

బగ్దాద్‌లో చదరంగం

ఈ లొల్లి వీడియో గేమ్‌తో మొదలైంది కాదు. మన దేశపు చతురంగం ఈరాన్ పోయి చత్‌రంగ్ అయింది, అరబ్బుల నోట్లో పడి షత్రంజ్ అయింది. అబ్బాసీ ఖలీఫాల బగ్దాద్‌లో దానికి ఉస్తాదులు ఉండేవారు. పదో సదీలో అస్సూలీ అనే ఆలిమ్ షత్రంజ్‌లో ఎంత మాహిర్ అంటే, ఖలీఫా దర్బారులో పాత ఉస్తాదును ఓడించి ఆ జాగా తీసుకున్నాడు. ఆట మీద కితాబులు కూడా రాశాడు.

ఫుఖహా ఈ ఆట గురించి ఎంతో బహస్ చేశారు. మన హనఫీ ఉలేమా సఖ్తీగా ఉన్నారు. షాఫయీ ఉలేమా కొంచెం నరమ్‌గా ఉండి, పైసలు ఒడ్డకుంటే, నమాజ్ తప్పకుంటే, నోట బూతు రాకుంటే అది హరామ్ దాకా పోదు, మక్రూహ్ అన్నారు. పాచికల మీద నడిచే నర్ద్ ఆటను మాత్రం నరమ్‌గా చూసినవాళ్లు తక్కువ. ఇంకోవైపు, ఈద్ దినం మస్జిదె నబవీలో హబ్షీలు బల్లేలతో ఆడుతుంటే హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ స్వయంగా హజ్రత్ ఆయెషాకు చూపించిన సంగతి బుఖారీలో ఉంది. అంటే దీన్‌కు ఆటతో దుష్మనీ లేదు.

నేను ఆలిమ్‌ను కాదు, ఫతవా ఇచ్చే అర్హత నాకు లేదు. వెయ్యేళ్ల బహస్‌లో నాకు కనిపించిన ముఖ్యమైన మాట ఒక్కటే. ఆ పెద్దలు ఆటను తెలుసుకుని మాట్లాడారు. పావు ఎట్లా నడుస్తుంది, పాచిక ఎట్లా పడుతుంది, పైసలు ఎవరివి, వక్త్ ఎంత, అన్నీ చూసి ఫర్ఖ్ చెప్పారు. పరదా బయట నిలబడి చెవి పట్టుకోలేదు.

ఫసలీ 1305 ఖానూన్

ఇదే సవాల్ మన దక్కన్ కచేరీల్లో కూడా నలిగింది. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని ఎవరి పేరు మీద పేరొచ్చిందో, ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ జమానాలో జువా మీద ఒక ఖానూన్ వచ్చింది. ఫసలీ 1305, అంటే మన లెక్కలో 1895-96. నిజాం రాజ్యం పోయినా ఆ ఖానూన్ బతికే ఉంది. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది. అక్కడ పైసలు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పట్టుకుని, ఈ నిజాం ఖానూన్ కిందనే ముఖద్దమా పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది.

1967లో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, ఏ ముక్క పడిందో యాదుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో ఆలోచించాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నది కోర్టు. అయితే అందులోనే ఇంకో మాట కూడా ఉంది. ఆడేవాళ్ల పందెం పైసల నుంచి క్లబ్బు యజమాని లాభం గుంజుతున్నాడని తేలితే అప్పుడు నేరం అవుతుంది అన్నారు. యాభై ఏళ్ల తర్వాత రమ్మీ యాప్‌లవాళ్లు ఈ తీర్పులో మొదటి సగాన్ని మాత్రమే జెండాలా ఊపారు. లాభం ఎవరి గల్లాలో పడుతోందని అడిగే రెండో సగాన్ని దాచిపెట్టారు.

మన మొహం ఉన్న దుష్మన్

వనపర్తి రాజావారి మహల్‌లో పాలిటెక్నిక్ కాలేజీ 1959 నుంచి నడుస్తోంది. ఆ కాలేజీ వల్ల ఊరికి కుర్రాళ్లు వచ్చారు, కుర్రాళ్ల వల్ల నెట్ సెంటర్లు వచ్చాయి. 2003, 2004 నాటికి నెట్ సెంటర్ అంటే ఇంటర్‌నెట్ కంటే గేములే ఎక్కువ. ఐజీఐ, వైస్ సిటీ, రోడ్ రాష్, కౌంటర్ స్ట్రైక్. గంటకు పదిహేను రూపాయలు.

కౌంటర్ స్ట్రైక్‌లో 'డస్ట్' అనే మైదానం మాకు అన్నిటికంటే ఇష్టం. ఇసుక రంగు గోడలు, కమాన్లు. చూస్తే అరబ్బుల ఊరే. అందులో ఒక జట్టు పేరు 'టెర్రరిస్ట్'. తర్వాత 1991 గల్ఫ్ జంగ్ మీద తీసిన 'డెజర్ట్ స్టార్మ్' వచ్చింది. అందులో మేం బ్రిటిష్ సిపాయిలమో అమెరికా సిపాయిలమో అయి ఇరాఖీలను కాల్చాలి. ఒక రాత్రి, పక్క కంప్యూటర్ మీద ఆడుతున్న దోస్త్ సడెన్‌గా చెయ్యి ఆపి "అరే, ఆ గుండు కొట్టిచ్చుకున్నోడు అచ్చం మా చిచ్చా లెక్క ఉన్నడు రా" అన్నాడు. అందరం నవ్వాం. మళ్లీ కాల్చాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అబ్బా అప్పుడు కూడా "ఎంత ఖర్చయింది, ఎన్నింటికొచ్చావ్" అని మాత్రమే అడిగేవాడు.

దునియాలో మాత్రం కొందరు చూశారు. నింటెండోవాళ్ల 1998 'జెల్డా' ఆటలో ఒక గుడి సీన్ వెనక ఇస్లామీ పఠనం వినిపించేది. తర్వాతి ప్రతుల్లో అది తీసేశారు. 2008లో సోనీవాళ్ల 'లిటిల్ బిగ్ ప్లానెట్' విడుదలకు సిద్ధమైంది. డిస్కులు బయటికి పోయాయి. అందులో ఒక ఆఫ్రికా పాటలో ఖుర్ఆన్ పదాలు ఉన్నాయని ఆడుతున్న ఒక ముసల్మాన్ గుర్తుపట్టి అదబ్‌గా ఉత్తరం రాశాడు. కంపెనీ దునియా అంతటా డిస్కులు వెనక్కి పిలిచి, విడుదలనే వాయిదా వేసింది. విచిత్రం ఏమంటే ఆ పాట పాడించిన మాలీ ఫన్‌కార్ తుమానీ జబాతే కూడా ముసల్మానే. 2020లో పబ్జీలో విగ్రహానికి మొక్కే సీన్ పెట్టి, గల్ఫ్ నుంచి గొడవ రాగానే తీసేసి మాఫీ అడిగారు. 2021లో 'కాల్ ఆఫ్ డ్యూటీ' కొత్త ఆటలో ఖుర్ఆన్ సఫాలు నేల మీద పడి ఉన్నట్టు చూపించి, అరబీలో మాఫీనామా విడుదల చేశారు. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని స్క్రీన్ చూసినందువల్ల జరిగినవి. గేమ్ బంద్ చేయమని అరిచినందువల్ల కాదు.

జిల్లా వచ్చింది, డేటా వచ్చింది

మధ్యలో నోకియా వచ్చింది. 1997లో ఫిన్లాండ్‌లో ఒక ఇంజినీర్ నోకియా ఫోన్‌లో పెట్టిన పాము ఆట, మా ఇంటికి అబ్బా కొన్న 1100 ఫోన్ వెంట చేరింది. ఆపాకు పదేళ్ల తర్వాత మళ్లీ ఆట దొరికింది. అప్పటికి ఆమె నిఖా అయి నాగర్‌కర్నూల్ పోయింది, చంకలో నా భాంజా. పుట్టింటికి వచ్చినప్పుడల్లా పిల్లగాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని అబ్బా ఫోన్‌లో పాము ఆడేది. ఆమె స్కోరు ఎవరమూ దాటలేదు.

2016 మా మూడు ఊళ్లకూ పెద్ద ఏడాది. సెప్టెంబర్ 5న జియో మొదలైంది. అక్టోబర్ 11న, దసరా దినం, కొత్త జిల్లాలు వచ్చాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌తో పాటు, కొట్లాడి సాధించుకున్న గద్వాల. ఐదు వారాల్లో మా చేతికి జిల్లా వచ్చింది, డేటా వచ్చింది. గేమ్ దుకాణం పరదా, నెట్ సెంటర్ తలుపు, రెండూ పోయాయి. ఆట జేబులోకి వచ్చింది. ఇప్పుడు చెవి పట్టుకుని లాగడానికి అబ్బా పోవాల్సిన గల్లీయే లేదు.

2018లో మొబైల్ పబ్జీ. 2020లో లాక్‌డౌన్. సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో బడిపిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి, క్లాసుల కోసమని ఆపా కొడుక్కి ఫోన్ కొనిచ్చింది. తెల్లారే, సెప్టెంబర్ 2న, కేంద్రం పబ్జీని బంద్ చేసింది. భాంజా రెండు దినాలు అన్నం తినలేదు. తర్వాత ఫ్రీ ఫైర్‌కు పోయాడు. 2022 ఫిబ్రవరిలో అది కూడా బంద్. అప్పటికి పబ్జీయే బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది.

ఈ ఆటల్ని నేను పూర్తిగా బేగునా అనను. లోపల పైసలు పెట్టి పెట్టెలు కొంటే, ఏ తుపాకీ వస్తుందో ఏ డ్రెస్ వస్తుందో నసీబ్. 2018లో బెల్జియం సర్కారు ఇలాంటి పెట్టెలు జువాయే అని తేల్చింది. జువా ఆటలోకి ఆ చిన్న సందు నుంచే దూరింది. పిల్లలకు పైసలు పెట్టి నసీబ్ చూసుకోవడం అలవాటు అయింది.

రెండు రంగులు

మళ్లీ 2024కు వస్తాను. నాగర్‌కర్నూల్‌లో ఆపా ఇంటికి చేరేసరికి భాంజా గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆపా నన్ను బావర్చీఖానాలోకి పిలిచింది.

"రాత్రుళ్లు ఫోన్ చూస్తుంటే గేమ్ అనుకున్న" అన్నది. "నేను కూడా ఆడినదాన్నే గదా, ఆడుకోనీ అనుకున్న. మొన్న పక్కన పోయి కూర్చున్న. ఆడేటోని వేళ్లు ఆగవు చోటూ. వీని వేళ్లు ఆగినయ్. ఒకసారి నొక్కుతడు, ఊపిరి బిగవట్టి చూస్తడు. మళ్ల నొక్కుతడు. ఎర్రది, పచ్చది. అంతే. ఆటల ఓడితే మనిషికి కోపమొస్తది. వీనికి భయమొస్తున్నది."

అది రంగు చెప్పే బెట్టింగ్ యాప్. క్రికెట్ వీడియోల మధ్య ఇష్తెహార్ చూసి, టెలిగ్రామ్ గుంపులో ఇచ్చిన లింక్ నుంచి దింపుకున్నాడు. మొదటి వారం మూడు వందలు పెడితే ఏడు వందలు వచ్చాయి. అవి ఖాతాలో పడ్డాయి కూడా. అదే గాలం. తర్వాత పెద్ద మొత్తం పెట్టించి, గెలిచినవి తీసుకోవాలంటే ఇంకా కట్టమన్నారు. ఏ రంగు వస్తుందో తేల్చేది వాళ్ల మిషనే. అందులో నేర్చుకునే హునర్ లేదు, ఎదుట ఆడే మనిషి లేడు. బహెనోయి దమ్మామ్‌లో పని చేస్తాడు. ఇంటి స్లాబు కోసం పంపిన పైసలు ఆపా ఖాతాలో ఉన్నాయి. ఆ ఖాతా యూపీఐ భాంజా ఫోన్‌లో. లక్షా నలభై వేలు పోయాయి.

1930కి ఫోన్ చేశాం, ఫిర్యాదు రాసిచ్చాం. పైసలు తిరిగి రాలేదు. అన్నిటికంటే కష్టం బహెనోయికి చెప్పడం. నేను చెప్తానన్నా ఆపా వినలేదు, తనే చెప్పింది. ఫోన్‌లో కొంచెంసేపు ఏ ఆవాజ్ లేదు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, "పోరడు ఎట్లున్నడు? ఒక్కణ్ణి వదలకుండ్రి." అల్లాహ్ ఆయనకు ఉమర్ ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఈ ఖర్జుల భయానికి ప్రాణాలు తీసుకున్న పిల్లల ఖబర్లు మనం చదువుతూనే ఉన్నాం.

ఖానూన్ లేదా? ఉంది. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2017లోనే తెలంగాణ బంద్ చేసింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మార్చి, నైపుణ్యం పేరుతో రమ్మీకి ఉన్న దారిని కూడా మూసింది. దేశంలో ఇలా చేసిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. కానీ ఫోన్‌లో తాను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే కిటుకులు పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. 2025లో సజ్జనార్ లాంటి అధికారులు బెట్టింగ్ యాప్‌ల మీద ఆవాజ్ ఎత్తారు, వాటికి ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద కూడా కేసులు పడ్డాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. పైసల ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జుర్మానా. ఇష్తెహార్ ఇచ్చినా శిక్ష. ఆడి మోసపోయినవాడికి శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్, పైసలు లేని ఆటలు వేరు అని అదే చట్టం ఒప్పుకుంది. ఖేల్ వేరు, జువా వేరు అని వెయ్యేళ్ల కింద ఫుఖహా చెప్పిన ఫర్ఖ్, దిల్లీ దాకా చేరడానికి ఇన్నాళ్లు పట్టింది.

రియాద్ పైసలు, హైదరాబాద్ కుర్చీలు

ఒక చిన్న ఇత్తెఫాఖ్ చెప్పాలి. 1994లో మా మామూ జిద్దా నుంచి ఒక నకిలీ డబ్బా తెచ్చాడు. 2024లో రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్ జరిగింది, ఇనామ్ ఆరు కోట్ల డాలర్ల పైమాట. 2025 సెప్టెంబర్‌లో సౌదీ సర్కారీ ఫండ్, ఇంకో రెండు సంస్థలతో కలిసి, అమెరికా గేమ్ కంపెనీ ఈఏను 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ఈఏకు మన హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. క్రికెట్ మీద ఆటలు చేసే హిట్‌వికెట్ కూడా హైదరాబాద్‌దే. మన మామూలు, చిచ్చాలు కూలికి పోయిన ముల్కు, ఇప్పుడు మన పిల్లలు ఉద్యోగం చేయగలిగే ధందాను కొంటోంది.

ఇంకో రెండు కిస్సాలు. లాహోర్‌లోని మా వనపర్తి లాంటి గేమ్ దుకాణాల్లో టెక్కెన్ నేర్చుకున్న అర్సలాన్ యాష్, 2019లో జపాన్‌లో, అమెరికాలో జరిగిన ఈవో పోటీలు రెండూ ఒకే ఏడాది గెలిచాడు. ఫలస్తీన్‌లో రషీద్ అబూ ఈదా, గజా మీద బాంబులు పడుతుంటే ఇంటివాళ్లను కాపాడుకోవాలని పరిగెత్తే ఒక బాప్ కథను 'లైలా' పేరుతో 2016లో గేమ్‌గా చేశాడు. ఇది గేమ్ విభాగంలో కుదరదని యాపిల్ మొదట ఆపింది. దునియా అడిగాక ఒప్పుకుంది. కౌంటర్ స్ట్రైక్‌లో మేం కాల్చిన గోడల వెనక మనిషిని, ఆయన గోడ ముందుకు తెచ్చాడు. ఆ పని మనోళ్లు చేయకపోతే ఎవరు చేస్తారు?

గద్వాలలో గళ్ల కాగితం పట్టుకున్న ఆ పెద్దమనిషి యాదికొస్తాడు. ఆయన మారియోను తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఎట్లా చేశారో చూశాడు.

అందుకే నా తోటి అమ్మీ అబ్బాలకు ఒక గుజారిష్. ఫోన్ గుంజుకునే ముందు ఒక పావుగంట పిల్లల పక్కన కూర్చోండి. నాలుగు సంగతులు చూడండి. ఇందులో పైసలు పోతాయా, పోతే ఎవరి గల్లాలోకి? గెలవడానికి ఏదైనా నేర్చుకోవాలా, లేక నొక్కి చూడటమేనా? ఇందులో దుష్మన్ ఎవరు, వాడి మొహం ఎవరిది? అజాన్ అయితే ఆపి లేవగలడా? ఆడపిల్లల పక్కన కూడా కూర్చోండి. మా ఇంట్లో ఆటను అందరికంటే బాగా అర్థం చేసుకున్నది దుకాణానికి పోనివ్వని ఆపాయే.

భాంజా ఇప్పుడు పొద్దున కాలేజీ, సాయంత్రం ఒక మొబైల్ రిపేర్ దుకాణంలో పని. నెలకు కొంత ఆపా చేతిలో పెడతాడు. స్లాబు ఇంకా పడలేదు. పోయిన ఈద్‌కు పోయినప్పుడు షీర్ ఖుర్మా తాగుతూ వాడి ఫోన్‌లో నేనూ ఒక ఆట క్రికెట్ ఆడాను. పైసలు లేని ఆట. నలభై రెండుకే ఆలౌట్. ఆపా చూసి నవ్వి, ఫోన్ తీసుకుని, "లా ఇధర్" అంటూ తను కూర్చున్నది.